చంద్రుడు గీసిన తలుపు

ఫిబ్రవరి 1, ఆదివారం

రూతు సిస్టరమ్మా, నీ మెడనొప్పి తగ్గిందా? నా తుంటి ఎముక అతికించిన రోజున నువ్వు మెడ ఒక పక్కకు వంచుకునే తిరిగావు. మత్తులో ఉన్నా చూశాను. పెద్ద డాక్టరు గారి కంట్లో నీరు కారడం ఆగిందా? నా పక్క మంచం మీది బొంగురు గొంతు ఆమె లేచి కూర్చుంటోందా? మీకు గంజి కాచే ఆమె చేతి మీది బొబ్బ మానిందా? అందరూ బాగున్నారని ఒక్క ముక్క రాస్తేగానీ నాకు రొట్టె గొంతు దిగదు.

ఇక్కడ మా అబ్బాయి సదానందం బాగున్నాడు. పంపుల దగ్గర రోజంతా నీళ్లలో నిలబడి కాలివేళ్ల సందులు పుండ్లు పడ్డాయి, వాడికి లెక్క లేదు, నాకు ఉంది. కోడలు స్వరూపకు ఏడు నెలలు నిండాయి, పాదాలు కొంచెం వాచినట్టున్నాయి. దాని తల్లి, నా వియ్యపురాలు దుర్గవ్వ, కాన్పు చేయడానికని వచ్చి నెలైంది. ఆమెది రాయి లాంటి ఒళ్లు. నాకే అన్నీ.

నువ్వు చెప్పినట్టే రాస్తున్నాను. ఫ్యాను గది పక్కన ఆడవాళ్ల బడిలో నేర్చిన అక్షరాలు ఇవి, వంకరగా ఉంటే నవ్వుకో, తిట్టకు.

మార్ఫిన్ మాత్ర పొద్దున ఆరింటికి ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి. ఇరవై ఇచ్చావు. గురువారం సాయంత్రం మొదలుపెట్టి ఇవాళ పొద్దుటికి ఆరు అయ్యాయి. డబ్బాలో పద్నాలుగు ఉన్నాయి, మూడుసార్లు లెక్కపెట్టాను. నొప్పి పదిలో మూడు. ఊపిరి నిమిషానికి పదమూడు. కడుపు కదల్లేదు.

తాళం వేసి దాచమన్నావు. తాళం ఎక్కడిది సిస్టరమ్మా? రెండో గ్యాలరీ కూలిన రోజున గొళ్లెం పెట్టిన తలుపుల వెనక ఉన్నవాళ్లు బయటికి రాలేకపోయారు. అప్పటి నుంచి ఈ పాత గనిలో మా నాలుగో మట్టంలో గొళ్లేలన్నీ పీకేశారు, పెట్టెకు కూడా తాళం ఉంచనివ్వరు. అందుకని చింతపండు కుండలో అడుగున పెట్టాను. పైన గుడ్డ కప్పాను. గుడ్డ మీద చింతపండు. అయినా గంటకోసారి చూసుకుంటున్నాను.

ఇంకో సంగతి. మా తలుపు మీద చంద్రుడు పడ్డాడు.

మీ మొదటి మట్టంలో నీకు ఫ్యాను పక్కనే ఉంటుంది, గాలికి కొదవ లేదు, మా తిప్పలు తెలుసో లేదో. గాలి సర్దార్ మొండయ్య సోమవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి వస్తాడు. నిమిషానికి ఎన్ని ఊపిర్లో చూపించే మా ఛాతీ పట్టీలన్నీ చూస్తాడు. నెమ్మదిగా పీలిస్తే పట్టీ పచ్చగా వెలుగుతుంది, ఇంటిల్లిపాది లెక్కా కలిపితే తక్కువ వచ్చినప్పుడు తలుపు మీద సుద్దతో నిండు చంద్రుణ్ణి గీసి పోతాడు. నేను ఆదుర్దా మనిషిని. నా ఊపిరి ఎప్పుడూ ఇరవై రెండు, నా పట్టీ ఎప్పుడూ పసుపు. నా వల్ల ఈ ఇంటికి పదకొండేళ్లుగా చంద్రుడు లేడు. మొన్న శుక్రవారం మొండయ్య నా పట్టీ చూసి నమ్మలేక వేలితో రెండుసార్లు కొట్టాడు.

"ఓదెమ్మక్కా, పట్టీ ఖరాబైందా, నువ్వు బాగైనవా? పదమూడు చూపెడ్తున్నది."

"తుంటి ఇరిగితే బుద్ధచ్చింది మా వదినెకు" అంది దుర్గవ్వ. "గిదే పదేండ్ల కింద ఇరిగితే ఎంత మంచిగుండు!"

స్వరూప నవ్వింది. అది నవ్వి ఎన్నాళ్లయిందో. కొత్త ప్రాణానికి గాలి కేటాయించాలంటే ఇల్లు ఆరు వారాలు వరసగా చంద్రుణ్ణి నిలుపుకోవాలి, లేకపోతే తల్లీ బిడ్డా ఆరో మట్టానికి దిగాలి. అక్కడ దీపం కూడా సన్నగా కాలుతుంది. కాన్పుకు తొమ్మిది వారాలే ఉంది. అందుకే అందరూ నా తుంటికి దండం పెడుతున్నారు.

నాకు సంతోషంగా ఉండాలి. ఉంది కూడా. మూడో ఇంటి గట్టయ్య బావ తలుపుకు నిరుడు వరసగా తొమ్మిదిసార్లు చంద్రుడు పడ్డాడు, ఆ తరవాత నిద్రలోనే పోయాడు. ఎంత నెమ్మది మనిషి, ఎంత మంచి చావు అని మట్టమంతా అనుకున్నాం. నేనూ అన్నాను. ఎందుకో అది పదేపదే గుర్తొస్తోంది.

ఫిబ్రవరి 3, మంగళవారం

పొద్దున మట్టాల మధ్య ఎక్కిదిగే బోనులో పైకి పంపిన ఈ పుస్తకం సాయంత్రానికి నీ ఎర్ర రాతతో దిగింది. ముందు నేను రాసింది: నిన్న రెండో చంద్రుడు పడ్డాడు. ఊపిరి పదకొండు. మధ్యాహ్నం రొట్టె చేతిలో పట్టుకునే నిద్రపోయాను, పుట్టగొడుగుల కూర ఒళ్లో ఒలికింది. ఐదు రోజులుగా కడుపు కదల్లేదు. నొప్పి రెండు. మాత్రలు పది మిగిలాయి.

నీ రాతను ఇక్కడే ఉండనిచ్చాను, ఎవరైనా చదువుకోవాలని:

"ఓదెమ్మా, ఇక్కడ అందరం బాగున్నాం, రొట్టె తిను. ఊపిరి నెమ్మదించడం ఈ మందు చేసే పని. అది నీ గుణం కాదు, గొప్పా కాదు. నొప్పి తగ్గింది కాబట్టి పొద్దుటి మార్ఫిన్ రేపటి నుంచి ఆపు, దాని బదులు పారాసిటమాల్ పంపుతున్నాను. సాయంత్రం ఒక్కటే వేసుకో. కడుపుకు పొడి పంపాను, నీళ్లు బాగా తాగు. మాత్ర నలపకు, కొరక్కు, నీళ్లలో కలపకు. పన్నెండు గంటల మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. ఎవరికి ఎంత నొప్పి ఉందన్నా నీది ఇవ్వకు. ఊపిరి పది కంటే తగ్గినా, పిలిస్తే లేవకపోయినా, పెదాలు నల్లబడినా ఈ మత్తును విరిచే ముక్కు మందు కొట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టి గంట లాగాలి, మా మనుషులు దిగుతారు. ఈ మాట ఇంట్లో అందరికీ చదివి చెప్పు."

చదివి చెప్పాను. అక్షరం అక్షరం.

"సిస్టరుకేం ఎరుక?" అంది దుర్గవ్వ. "ఫ్యాను పక్కపొంటి కూసొని రాస్తది. మనోల్లు కిందికి పోతే గామె వచ్చి ఊదుతదా?"

"అత్తా, ఆమె చెప్పినట్టు చెయ్యనియ్యి" అన్నాడు సదానందం. "మా అవ్వ పానం కన్న ఎక్కువనా?"

"నేనట్లన్ననా? ఒక్క ఆరు వారాలు ఓపిక పడితె పోయేది గద అంటున్న."

స్వరూప పొట్ట మీద చెయ్యి వేసుకుని తలుపు వైపు చూస్తూ కూర్చుంది. ఆ చూపే నాకు ఎక్కువ గుచ్చుకుంది. రేపటి నుంచి పొద్దుటి మాత్ర ఆపుతాను. ముక్కు మందు సీసాలు రెండూ కొంగున ముడివేసుకున్నాను, స్నానానికి కూడా విప్పడం లేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

నొప్పి ఐదు. ఊపిరి ఇరవై. కడుపు కదిలింది, నీ పొడికి దండం.

సిస్టరమ్మా, ఒక మాత్ర తక్కువ వస్తోంది. నిన్న సాయంత్రం వేసుకున్నాక ఏడు ఉండాలి. ఆరు ఉన్నాయి. కింద చాప పరిచి పోసి లెక్కపెట్టాను. కుండలో చింతపండంతా తీసి పిసికాను. ఎలుక అనుకుందామంటే మూత మూసినట్టే ఉంది. నేనే మరిచిపోయి రెండు వేసుకున్నానా? వేసుకుంటే ఊపిరి ఇరవై ఎందుకుంటుంది? ముసలితనంలో మతి పోయిందంటే నా మందు నా చేతికి ఇవ్వరేమో. ఇంట్లో అడగాలంటే నోరు రాలేదు. తాళాల్లేని చోట ఒకరిని అడిగామంటే దొంగ అన్నట్టే. గంట లాగుదామా అనుకున్నాను. ఒక్క మాత్ర కోసం గంటా అంటారని ఊరుకున్నాను. పుస్తకం మళ్లీ మంగళవారం గానీ పైకి రాదు.

మధ్యాహ్నం మొండయ్య వచ్చాడు. నా పట్టీ పసుపు. ఇక చంద్రుడు లేడు అనుకుని నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. వెనక సుద్ద గీసిన చప్పుడు వినిపించింది.

"నీది ఇరవై ఉంటె ఏమాయె అక్కా. మీ వియ్యపురాలిది పదకొండు ఉన్నది. నీ ఎక్కువ ఆమె తక్కువల కలిసిపోయింది."

"మా అమ్మ పొద్దుగాల్నుంచి నోరు మూసుకొని కూసున్నది, గందుకే" అంది స్వరూప.

దుర్గవ్వ ముక్కు గోక్కుంటూ నవ్వింది. ఇవాళ అన్నానికి పిలిస్తే రెండుసార్లకు గాని పలకలేదు. దీపం కింద కంటి పాపలు ఆవగింజల్లా కనిపించాయి. కూతురి కోసం ఎంత ఓర్చుకుంటోంది, నేను ఎందుకు ఓర్చుకోలేకపోతున్నాను అనిపించి సిగ్గేసింది. నా ఊపిరి ఇంకో రెండు పెరిగింది.

ఫిబ్రవరి 9, సోమవారం, సాయంత్రం ఏడు గంటలు

 జరిగింది జరిగినట్టు రాయమన్నారు నీ మనుషులు, రాస్తున్నాను.

మధ్యాహ్నం రొట్టెలయ్యాక సదానందం పంపుల దగ్గరికి పోయాడు. దుర్గవ్వ మజ్జిగ తాగి నా పక్క మంచం మీద వాలింది. కాసేపటికి గురక మొదలైంది. గురక అంటే మామూలు గురక కాదు. ఒకటి గర్రుమని లాగుతుంది, తరవాత ఏమీ ఉండదు. ఇంకోటి ఎప్పుడు వస్తుందా అని నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను.

రెండింటికి మొండయ్య వచ్చాడు. వేళ్ల మీద నడుస్తూ ఆమె దగ్గరికి పోయి పట్టీ చూసి చెంప మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఎనిమిది! ఓ స్వరూపా, మీ అమ్మ ఋషి లెక్కున్నది. నా సర్దార్‌గిరీల ఎనిమిది చూడలె."

స్వరూప చేతులు జోడించింది. ఎవరికి జోడించిందో దానికే తెలియదు.

"పది కన్న తక్కువ కావద్దన్నది సిస్టరమ్మ" అన్నాను.

"అది నీ మందుకు అత్తమ్మా. అమ్మ మందు తింటలేదు గద."

ఆ మాటతో నాకు కుండ గుర్తొచ్చింది. లేవలేను, కర్ర అందలేదు. మంచం అంచు పట్టుకుని జరిగి కుండ లాగాను. మూడు ఉండాలి. ఒకటే ఉంది. దుర్గవ్వ తాగిన గ్లాసు తీసి చూస్తే అడుగున మజ్జిగలో తెల్లటి ముద్ద, పక్కన నా దంచుడు రోలు తడిగా.

"దుర్గవ్వా" అని పిలిచాను. "దుర్గవ్వా, లే." భుజం కుదిపాను. రెప్ప కదల్లేదు. పెదాలు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి.

"పండనియ్యక్కా" అన్నాడు మొండయ్య. "ఊకె ఆగమైతె నీ ఊపిరి లేస్తది, చంద్రుడు పోతడు."

"పోనియ్ నీ చంద్రున్ని!"

అరిచాను సిస్టరమ్మా. పుట్టాక అంత అరవలేదు. మా మట్టంలో పసిపిల్ల ఏడ్చినా గాలి దండగ అని నోరు మూస్తారు. నేను గట్టిగా అరిచిన అరుపు గ్యాలరీ చివరిదాకా పోయి తిరిగొచ్చింది. తలుపులన్నీ తెరుచుకున్నాయి. కొంగు ముడి రాలేదు, పళ్లతో కొరికి విప్పాను. సీసా మూతి ఆమె ముక్కులో పెట్టి నొక్కాను. స్వరూప వచ్చి తల పట్టుకుంది. 

"మొండయ్యా, నిలబడి ఏం చూస్తున్నవ్? గంట గుంజు!"

ఆయన ఉరికాడు. గాలి సర్దార్ ఉరకడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

మేమిద్దరం ఆమెను పక్కకు తిప్పి, పై మోకాలు ముందుకు మడిచాం. నాలుక వెనక్కి పోకుండా గడ్డం ఎత్తి పట్టాను. "పీల్చు దుర్గవ్వా. ఇగో నాతోటి పీల్చు." ఆమె పీల్చలేదు. నేనే ఇద్దరికీ సరిపడా పీల్చాను. మూడు నిమిషాలయ్యాక రెండో సీసా రెండో ముక్కు రంధ్రంలో కొట్టాను. ఒకటి. చాలాసేపటికి ఇంకో ఊపిరి. ఆ తరవాత మునిగి తేలినదానిలా గుండెలనిండా లాగింది, దగ్గింది, కక్కింది. పట్టీ పసుపై, ఎర్రబడింది. గుమ్మంలో నిలబడ్డవాళ్ల పట్టీలు కూడా ఎర్రగానే ఉన్నాయి. గ్యాలరీ అంతా ఎర్ర దీపాలే.

కళ్లు తెరిచి నన్ను చూసి మొదట అన్న మాట ఇది:

"ఎందుకు గట్ల ఒర్రుతున్నవ్ వదినె? గాలి దండుగ."

మళ్లీ కళ్లు మూసుకోబోయింది. పడుకోనివ్వలేదు. ముక్కు మందు బలం ముందే తగ్గిపోతుందనీ, మాత్ర బలం ఇంకా కడుపులోనే ఉంటుందనీ నువ్వు చెప్పావు. నీ మనుషులు బోను దిగేదాకా ఇరవై నిమిషాలు ఆమె పేరు పిలుస్తూనే ఉన్నాను. ఇప్పుడు ఆమె నీ దగ్గరుంది. నా గొంతు పోయింది.

శుక్రవారమే గంట లాగి ఉండాలి. ఒక్క మాత్ర తక్కువైంది అని చెప్పడానికి సిగ్గుపడ్డాను. నా మతి పోయిందంటారని భయపడ్డాను. అన్నిటికీ భయపడే మనిషిని, భయపడాల్సిన చోట మాత్రం నోరు మూసుకున్నాను.

ఫిబ్రవరి 12, గురువారం

నొప్పి ఐదు. సోమవారం నీ మనుషులతో ఆపమని చెప్పి పంపావు, అప్పటి నుంచి మార్ఫిన్ లేదు, పారాసిటమాల్ ఒక్కటే. ఊపిరి ఇరవై ఒకటి. కడుపు బాగుంది.

నిన్న సాయంత్రం దుర్గవ్వను బోనులో దించారు. రెండు రోజులు నాతో మాట్లాడదేమో అనుకున్నాను. వచ్చీ రాగానే నా మంచం మీదే కూర్చుంది.

"పొయిన గురువారం ఒకటి మింగిన" అంది. "మంచిగ నిద్ర పట్టింది, పదకొండుకు దిగింది. సోమవారం మొండయ్య వచ్చే రోజాయె, నువ్వేమో ఇరవై మీద ఉంటివి. రెండు దంచి మజ్జిగల కలుపుకున్న. నా బిడ్డ బిడ్డకు గాలి కావద్దా?"

"అడిగితె ఇద్దునా? ఇయ్యకపోదును. గందుకనే నువ్వు అడగలె" అన్నాను.

"అవ్."

"నా ఇరిగిన బొక్కకు ఇచ్చిన మందు, సక్కగున్న నీ రొమ్ముకు విషం. సిస్టరమ్మ రాసింది నీ ముందట సదివితిగద."

"నీ సదువుడు విన్ననా? నువ్వు పొద్దంత ఏదో ఒకటి మొత్తుకుంటనె ఉంటవు. ఇదొకటి అనుకున్న."

 రోజూ పులి పులి అని అరిచే నోరు నాది.

స్వరూప లోపలి నుంచి వచ్చి తల్లి పక్కన నిలబడి, "నువ్వు పోతె ఆ గాలి నేను పీల్చుదునా అమ్మా?" అంది. అంతే అని, రొట్టె పిండి కలపడానికి పోయింది. పిండి చాలాసేపు కలిపింది.

తలుపు మీది చంద్రుడు సోమవారమే పోయాడు. ఆరు వారాలు మళ్లీ మొదటి నుంచి లెక్క. కాన్పుకు ఇంక ఏడు వారాలు, కొన్ని రోజులు. నా ఊపిరి ఇరవై ఒకటి. నేనేం చెయ్యను? ఇవాళ పొద్దున తన రోజు కాకపోయినా మొండయ్య వచ్చాడు. సుద్ద తెచ్చాడు గానీ ఎంతసేపటికీ చేతిలోనే తిప్పుతున్నాడు.

"అక్కా, నేను ముప్పై ఏండ్ల సంది పై గీత చూసుడే నేర్చుకున్న. గింతకన్న ఎక్కువ పీల్చొద్దని. కింద గీత ఉంటదని ఎవ్వలూ చెప్పలె."

"ఇప్పుడు నేను చెప్పిన గద. గియ్యి."

మా తలుపు మీద, చంద్రుణ్ణి గీసే చోటికి జానెడు కింద, అడ్డంగా ఒక గీత గీశాడు. అక్కడ ఏ అంకె వెయ్యాలో ఆయనకు తెలియదు. నాకు తెలిసింది పది, అది నా మందుకు నువ్వు చెప్పిన అంకె. నిద్రలో ఉన్న మనిషికి ఎంత? చూలింతకు ఎంత? ముసలివాళ్లకు ఎంత? గీత పక్కన ఖాళీ వదిలాడు.

పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. "గట్టయ్య బావకు నడుము నొప్పికి పైనుంచి ఏదో మందు వస్తుండె. యాదికున్నదా?"

నాకు యాదికుంది. నీకు రాసిన ఆ మొదటి ఆదివారం నుంచి ఇంకేదీ యాదిలో లేదు సిస్టరమ్మా. ఆయన తలుపుకు తొమ్మిదో చంద్రుణ్ణి గీసింది మొండయ్యే. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. నీ దగ్గర ఆయన కాగితం ఉంటుంది. ఏ మందో, ఎన్నో, మిగిలినవి ఎవరైనా తిరిగి ఇచ్చారో లేదో చూసి పెట్టు. ఆయన భార్య ఆ మూడో ఇంట్లోనే ఉంది, ఆ డబ్బా ఇంకా ఆమె అటక మీద ఉందేమో. అడగడానికి రేపు నేనే పోతాను. ఈసారి సిగ్గుపడను.

నా డబ్బాలో మిగిలింది ఒక్కటి. నీళ్లలో పారెయ్యను, ఎవరికీ ఇవ్వను, కుండలో పెట్టను. ముక్కు మందు ఖాళీ సీసాలున్న ముడిలోనే కొంగుకు కట్టుకున్నాను. నీ చేతికే ఇస్తాను, కొత్త సీసాలు రెండు తీసుకుంటాను.

నువ్వు రమ్మన్న రోజుకు వస్తాం. నేనూ, దుర్గవ్వా, కడుపు చూపించుకోవడానికి స్వరూపా. మొండయ్య కూడా వస్తానన్నాడు, మనిషి ఎంతకన్న తక్కువ పీల్చకూడదో నీ నోటితో విని, రాయించుకుని, పిల్లకు గాలి ఇచ్చే పెద్దల దగ్గరికి ఆ కాగితం తానే పట్టుకుపోతాడట. వాళ్లు వింటారో లేదో. దుర్గవ్వ ఇప్పుడు నా పక్కనే కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ ఆగకుండా మాట్లాడుతోంది, ఆమె పట్టీ పసుపు. పద్దెనిమిది. మళ్లీ లెక్కపెట్టాను, పద్దెనిమిదే.

నువ్వు రమ్మన్న రోజు: ఫిబ్రవరి 19, గురువారం, పొద్దుటి మొదటి బోను.